ముప్పావు కిలో పెట్రోలు, రెండు కిలోల పైన పొగ

హైదరాబాద్ అబిడ్స్ జీపీఓ దగ్గర సిగ్నల్ పడితే బళ్ళు ఆగుతాయి, చాలా ఇంజన్లు ఆగవు. లీటరు పెట్రోలు తూగేది ముప్పావు కిలో. అది మండితే వచ్చే కార్బన్ డయాక్సైడ్ మాత్రం సుమారు 2.3 కిలోలు! పెరిగిన బరువంతా గాలిలోంచి లాక్కున్న ఆక్సిజన్‌ది. లీటరుకు 45 కిలోమీటర్లిచ్చే స్కూటరు కిలోమీటరుకు 50 గ్రాములు వదిలితే, 15 ఇచ్చే కారు 150 వదులుతుంది. నలుగురు ఎక్కితే తలా 40 లోపే. మన కార్లలో నలుగురు కనిపించేది నాంపల్లి నుమాయిష్ ఎగ్జిబిషన్‌కి వెళ్ళేటప్పుడే అనుకోండి! 2018 సెప్టెంబరు నుంచి నాంపల్లి మీదుగా మెట్రో ఉంది. దాని కరెంటులోనూ బొగ్గు వాటా ఉంది కనుక లెక్కలో సున్నా వేసుకోకండి. మీ బండి ఎంత కార్బన్ డయాక్సైడ్ వదిలిందో తెలియాలంటే, నెలాఖరున బంకు రసీదులు తీసి, లీటర్లను 2.3తో గుణించండి. డీజిల్ బండైతే 2.7తో.