రాజు ముఖము చూడని రెండు సంవత్సరములు
ధ్యాన భాగము: 2 సమూయేలు 14:21–33



దావీదు కుమారుడైన అబ్షాలోము తన అన్నయగు అమ్నోనును చంపించి, తల్లి పుట్టినిల్లయిన గెషూరునకు పారిపోయి అక్కడ మూడు సంవత్సరములుండెను. కుమారుని చూడవలెనని తండ్రి ప్రాణము లోలోపల కొట్టుకొనుచుండెను గాని ఆయన పిలువలేదు. తుదకు యోవాబు తెకోవనుండి యుక్తిగల యొక స్త్రీని రప్పించి ఆమెచేత మాటలాడింపగా రాజు మెత్తబడి, కుమారుని తోడుకొని రమ్మని సెలవిచ్చెను. అయితే అతడు తన యింటికి పోవలెనే గాని తన ముఖము చూడకూడదని నిబంధన పెట్టెను.

ఈ భాగములో మన మనస్సును ఆపవలసిన మాట 28వ వచనములో నున్నది. తండ్రియు కుమారుడును ఒక్క పట్టణములోనే కాపురముండిరి. అయినను రెండు నిండు సంవత్సరములు ఒకరి ముఖ మొకరు చూడలేదు. గెషూరులో నున్నప్పుడు వారి మధ్య దూరము ఉండెను. యెరూషలేములో దూరము లేదు, మాట మాత్రమే లేదు. ఇది మరింత బాధ గదా!

ఈ సంగతి నేడు మన యిండ్లలో జరుగుచున్నది. పొలము గట్టుమీదను, మిరప కళ్లములోను, ఆటో నడుపువాని జేబులోను ఇప్పుడు చేతిఫోను ఉన్నది. పూర్వము అన్నదమ్ములు కోపపడినను, చెరువు కట్టమీదనో పెండ్లి పందిరిలోనో గుడిలోనో ఎదురుపడక తప్పెడిది కాదు. పెద్దమనుష్యులు ఇద్దరిని రచ్చబండకు పిలిచెడివారు. ఇప్పుడు తమ్ముడు మాచర్లలో, అన్న హైదరాబాదులో నుందురు. వారి మధ్యనున్న దారి ఆ ఫోను ఒక్కటే. కోపము వచ్చిన క్షణమున వేలితో ఒక్కసారి తాకి “బ్లాక్” అనిన చాలును, ఆ దారి మూయబడును. రచ్చబండ లేదు, సాక్షులు లేరు, చేసిన సంగతి భార్యకు కూడ తెలియదు.

మూయబడినవానికి సహా ఆ సంగతి ఫోను తెలుపదు. అతడు పిలిచినప్పుడు ఒక మారు మోగి తెగిపోవచ్చును, లేక బిజీగా నున్నదని వినబడవచ్చును. మొదటి దినమున సిగ్నలు లేదనుకొనును. మరునాడు పనిలో నున్నాడేమో అనుకొనును. పది దినములైన పిమ్మట తానే గ్రహించి, తన ఫోనులో ఇతని నంబరును కూడ మూయును. ఆలాగున ఒక గోడ రెండు గోడలగును.

ఇట్టి యింటిని తలంచుకొనుడి. సాగరు కాలువ నీటి వంతుకొరకు అన్నదమ్ములకు మాట పెరిగినది. చిన్నవాడు పెద్దవాని నంబరును మూసివేసెను. రెండు పంటలు గడచెను. ఒక రాత్రి తల్లికి గుండెనొప్పి వచ్చెను. ఆమె పెద్దకుమారుని యొద్దనే యున్నది. అతడు అర్ధరాత్రివేళ తమ్మునికి ఇరువదిమార్లు ఫోను చేసెను. తమ్ముని ఫోను దిండు ప్రక్కననే యున్నది గాని మోగలేదు. సహోదరులారా, నీటి వంతు మరుసటి కారుకు మరల వచ్చును. ఆ రాత్రి మరల వచ్చునా?

మన పల్నాటి కథయు ఈ పాఠమునే చెప్పుచున్నది. గురజాలలో నలగామరాజు, మాచర్లలో మలిదేవాదులు. వీరు ఒక తండ్రి బిడ్డలే. కోడిపందెమునుండి వైరము ముదిరెను. అప్పటికిని దారి పూర్తిగా మూయబడలేదు, సంధి మాటలు చెప్పుటకు అలరాజు పంపబడెను. అతడు నలగామరాజునకు స్వంత అల్లుడు. ఆ రాయబారికి విషము పెట్టి చంపిరని కథ చెప్పుచున్నది. మాట తెచ్చువాడు చచ్చిన తరువాత కారెంపూడి యుద్ధమే మిగిలెను. ఏటేట కార్తీకమాసములో అక్కడ జరుగు వీరుల ఉత్సవము మనమందరము ఎరిగినదే. గెలిచినవారెవరని అడుగుటకంటె, మాట తెచ్చు దారిని మూసినందువలన ఇరువైపుల ఎన్ని యిండ్లు పాడైనవని అడుగుట మనకు మేలు.

అయితే మూసినదానిని తెరచుట ఎట్లు? అది కష్టమైన పని కాదు. మనలో అనేకులు వాడు ఆండ్రాయిడ్ ఫోనులలో, ఫోను చేయు గుర్తును తాకి, పైనున్న మూడు చుక్కలను నొక్కి, “సెట్టింగ్స్” లోనికి పోయినయెడల “బ్లాక్డ్ నంబర్స్” అను పట్టిక కనబడును. ఆ నంబరు ప్రక్కనున్న గుర్తును తాకి “అన్‌బ్లాక్” అనవలెను. ఫోను చేసిన కంపెనీనిబట్టి మాటలు కొంచెము మారవచ్చును. ఐఫోను గలవారు “సెట్టింగ్స్” లో “ఫోన్” అను భాగమును వెదకి, అందులోని “బ్లాక్డ్ కాంటాక్ట్స్” చూడవలెను. వాట్సాప్‌కు వేరు తాళమున్నది. దాని “సెట్టింగ్స్” లో “ప్రైవసీ” క్రిందనున్న పట్టికను వేరుగా తెరువవలెను. ఒక తలుపు తీసి రెండవది మరచువారు అనేకులు. తెలియనివారు ఇంటిలోని పిల్లలను అడుగవచ్చును. పట్టికను చూపుటకు పిల్లలు చాలుదురు. ఎవరికి తెరువవలెనో ప్రార్థించి నిర్ణయించవలసినవారు మీరే.

ఇక్కడ రెండు సంగతులు బాగుగా గమనించుడి. మొదటిది, నీవు తెరచితివని అవతలివానికి ఏ కబురును పోదు. రెండవది, వాట్సాప్ మూసియున్న కాలములో అతడు పంపిన మాటలు తెరచిన తరువాతనైనను నీకు చేరవు. అతడు క్షమించుమని వ్రాసెనేమో, బిడ్డ పుట్టినదని వ్రాసెనేమో, నీవు ఎన్నటికిని చదువలేవు. కాబట్టి తెరచి ఊరకుండుట తెరచుట కాదు. దావీదు చేసినది అదియే. గెషూరు దారిని తెరచెను, ముఖమును మాత్రము మూసికొనెను. కాలువ తూము తలుపు ఎత్తినను, పిల్లకాలువలో పూడిక తీయనియెడల నీరు మన మడిలోనికి పారునా? తలుపు ఎత్తుట ఒక క్షణము పని. పూడిక తీయుటకు పార పట్టి వంగవలెను.

కావున మూసినవాడే ముందుగా పిలువవలెను. మొదటి దినముననే గట్టు తగాదాను, బాకీ లెక్కను ఎత్తకుడి. “అన్నా, నేనే. వదినకు ఒంట్లో బాగున్నదా? పిల్లలు బాగున్నారా?” అనిన చాలును. తప్పు మీదైనయెడల దానిని పేరుపెట్టి ఒప్పుకొనుడి. లెక్కలు తరువాత పెద్దల యెదుట చూచుకొనవచ్చును.

అవతలివాడే మిమ్మును మూసియున్నయెడల ఏమి చేయవలెను? అబ్షాలోము రెండుమార్లు పిలిచినను యోవాబు రాలేదు. అప్పుడతడు యోవాబుయొక్క యవల చేనికి నిప్పు పెట్టించెను. యోవాబు వచ్చినమాట నిజమే గాని, నిప్పుతో పిలిచినవాడు తరువాత రాజ్యమునకే నిప్పు పెట్టెను. వేరు వేరు నంబర్లనుండి మాటిమాటికి పిలుచుట, స్టేటస్‌లో నిందలు పెట్టుట, నలుగురిలో పరువు తీయుట, ఇవన్నియు యవల చేనికి నిప్పు పెట్టుటయే. దానికంటె తెకోవ స్త్రీ మార్గము మేలు. ఇద్దరికిని కావలసిన యొక మనిషిని పంపుడి, లేక బస్సెక్కి మీరే పోయి గుమ్మములో నిలువుడి.

ఇంకొక మాట తప్పక చెప్పవలెను. మూసిన ప్రతి నంబరును తెరువుమని నేను బోధించుటలేదు. బ్యాంకువారమనియు పోలీసులమనియు భయపెట్టి డబ్బు లాగు మోసగాండ్రను మూయుటయే వివేకము. డబ్బు పోయినయెడల వెంటనే 1930కు ఫోను చేయుడి. 140తో మొదలగు వ్యాపార ప్రకటనల పిలుపులకు మీరు బాకీపడి యుండలేదు. మరియు కొట్టు భర్తను, వెంటపడి వేధించువానిని మూసిన సహోదరిని, క్షమాపణ అను పేరట తెరువుమని ఎవరును బలవంతపెట్టకూడదు, సంఘపెద్దలు అసలే కూడదు. ఆమె హృదయములో పగ విడుచుట వేరు, అపాయమునకు తలుపు తీయుట వేరు. అట్టివారికి 181, 112 నంబర్లున్నవి. సంఘము ఆమె పక్షమున నిలువవలెను. తామారునకు జరిగిన అన్యాయమును విని దావీదు కోపపడెనేగాని, ఆ దోషికి శిక్ష విధించినట్లు వాక్యములో ఎక్కడను కనబడదు. ఈ కథలోని నెత్తురంతయు అక్కడనుండియే ప్రవహించెను. న్యాయము చేయక సమాధానమని పలుకుట పుండును కడుగక కట్టు కట్టుటవంటిది. అందుకే అపొస్తలుడైన పౌలు, శక్యమైనంతమట్టుకు మనవలన కావలసినది మనము చేయవలెనని హద్దు చెప్పెను (రోమా 12:18).

తుదకు దావీదు కుమారుని పిలిపించి ముద్దుపెట్టుకొనెను. ఆ యిద్దరు మనస్సు విప్పి మాటలాడుకొనిరని మాత్రము వాక్యము చెప్పుటలేదు. పిమ్మట తిరుగుబాటు, అరణ్యములో యుద్ధము, సింధూరవృక్షమునకు వ్రేలాడిన కుమారుడు. మరణవార్త విని తండ్రి గుమ్మముపైనున్న గదికి ఎక్కి కుమారుని పిలుచుచు ఏడ్చెను (18:33). యెరూషలేములోని ఆ రెండు సంవత్సరములలో, అంత దగ్గరగా నున్నప్పుడు, అందులో ఒక్క పిలుపు పిలిచియున్నయెడల ఎట్లుండెడిదో! వినవలసిన చెవి లేనప్పుడు ఆ మాటలు వచ్చెను.

మన దేవుడు ఆలాగు చేయువాడు కాడు. మనము శత్రువులమై యుండగానే ఆయన తన కుమారుని పంపి సమాధానపరచెను (రోమా 5:10). ముందుగా పిలిచినవాడు ఆయనయే. ఆయన ముఖము చూచుటకు సెలవు పొందిన మనము, సహోదరునికి మన ముఖమును మూయవచ్చునా? బలిపీఠమునొద్ద అర్పణ విడిచి ముందు సహోదరునియొద్దకు పొమ్మని ప్రభువు నేర్పెను (మత్తయి 5:23–24). వచ్చు సంస్కారపు ఆదివారమునకు ముందు, శనివారము రాత్రి ప్రార్థనయైన పిమ్మట ఆ పట్టికను తెరచి చూడుడి. అందులో మోసగాడు కాక, హింసించువాడు కాక, ఒక తోడబుట్టినవాడుగాని ఆడపడుచుగాని పాత స్నేహితుడుగాని కనబడినయెడల, తెరువుడి. తెరచి, ఆ రాత్రియే పిలువుడి.

ప్రార్థన: మమ్మును ముందుగా పిలిచిన తండ్రీ, మేము కోపముతో మూసిన దారులను తెరచుటకు ధైర్యమును, తెరచిన తరువాత మాటలాడుటకు తగ్గింపును దయచేయుము. బాధింపబడినవారికి నీవే కోటయై యుండుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.