రాబోయే బొమ్మ

మా అక్క కొడుక్కి బొమ్మలు పోగుచేసే అలవాటు ఉంది. చిన్నపిల్లవాడేం కాదు, ఉద్యోగం చేసుకుంటున్నాడు. సినిమాల్లో, కార్టూన్లలో కనిపించే పాత్రల బొమ్మలు వాడి గదిలో అద్దాల బీరువా నిండా ఉంటాయి. అరచేతిలో ఇమిడేవి, మోకాళ్ళూ మోచేతులూ వంగేవి. కొన్న వాటితో గడిపే సమయం కన్నా, ఇంకా రాని వాటి గురించి ఊహిస్తూ గడిపే సమయమే వాడికి ఎక్కువ. మొన్న సంక్రాంతికి హనుమాన్ జంక్షన్‌లో మా ఇంటికొచ్చి, నాతో పాటు బొమ్మల కొలువుకి మెట్లు కడుతూ, ఆ విషయమే మాట్లాడాడు. ఆ సంభాషణను ఉన్నదున్నట్టు రాస్తున్నాను. వాడి ప్రశ్నలు కొన్ని ఇప్పటికీ నన్ను వదల్లేదు.

నేను: రాత్రి అన్నం దగ్గర కూడా ఫోను కింద పెట్టలేదు నువ్వు. అంతసేపు ఏం చూస్తున్నావురా?

అబ్బాయి: ఇదిగో, నువ్వే చూడు పిన్నీ. ఎండాకాలంలో కొత్త వరస బొమ్మలు వస్తాయట. పేర్లు చెప్పలేదు. నీడ ఒక్కటే వదిలారు.

నల్లటి తెర మీద అంతకన్నా నల్లటి ఆకారం. ఎడమ భుజం మీంచి ఏదో పొడుచుకొచ్చి ఉంది. కత్తి పిడో, రెక్క మొదలో తెలీదు. నడుం దగ్గర కాస్త వెడల్పు. అంతే. దాని మీద ఎవరో ఎర్ర గీతలు గీశారు. ఇంకెవరో సినిమాలో ఒక పాత్ర నిలబడిన ఫోటో పక్కన పెట్టి భుజాల ఎత్తు కొలిచారు.

అబ్బాయి: ఇది ఉత్త కాలక్షేపం కాదు పిన్నీ. అచ్చు చేయించడం చాలా ఖర్చుతో కూడిన పని. అందుకని ఒకే ఒంటిని నాలుగైదు పాత్రలకు వాడుకుని తలలు మారుస్తారు. భుజం చూస్తే పాత అచ్చో కొత్తదో తెలిసిపోతుంది. అక్కణ్ణుంచి ఎవరై ఉంటారో లెక్క కట్టొచ్చు.

నేను: లెక్క కట్టి ఏం చేస్తావు? నాలుగు నెలలు ఆగితే వాళ్ళే చూపిస్తారుగా.

అబ్బాయి: ఆ మాట నూజివీడు తోటల దగ్గరికెళ్ళి అను. ఇప్పుడు చెట్లన్నీ పూత మీదున్నాయి. వ్యాపారి వచ్చి పూత చూసి గుత్త మాట్లాడుకుంటున్నాడు. మంచు ఎక్కువైతే ఏమవుతుంది, తేనెమంచు పురుగు పడితే ఎంత రాలుతుంది, పిందె ఎంత నిలుస్తుంది, అన్నీ ఊహే. మే నెల దాకా ఆగితే కాయలే కనిపిస్తాయి కదా అని ఎవరైనా ఆగుతున్నారా?

నేను: బాగా అడిగావు. కానీ ఆ వ్యాపారి తన ఊహకి డబ్బు కడతాడు. తప్పితే మునిగిపోతాడు. ఇంకోటి కూడా ఉంది. చిన్న రసం ఎలా ఉంటుందో ఆయనకీ తెలుసు, రైతుకీ తెలుసు. ఎన్ని కాస్తాయన్నదే తెలీదు. నీది అలా కాదు. వచ్చేది ఏదో కూడా తెలీకుండా దాని మీద మనసు పెడుతున్నావు. ఆయన చేసేది అంచనా. నువ్వు చేసేది మోహం అనిపిస్తుంది నాకు.

అబ్బాయి: మోహానికి డబ్బు కట్టిన వాళ్ళూ ఉన్నారు. 1977 మేలో అమెరికాలో స్టార్ వార్స్ వచ్చింది. బొమ్మల హక్కులు కెన్నర్ అనే కంపెనీవి. సినిమా అంతగా ఆడుతుందని వాళ్ళూ అనుకోలేదు. క్రిస్మస్ నాటికి బొమ్మలు తయారు కాలేదు. ఏం చేశారనుకున్నావ్? ఒక అట్ట కవరు అమ్మారు. లోపల బొమ్మలుండవు. బొమ్మలు నిలబెట్టుకోవడానికి రంగుల అట్ట, కొన్ని స్టిక్కర్లు, ఒక చీటీ. ఆ చీటీ పోస్టులో పంపితే మరుసటి ఏడాది మొదట్లో నాలుగు బొమ్మలు ఇంటికొస్తాయి. ల్యూక్, లేయా, చ్యూబాకా, ఆర్‌టూ-డీటూ.

నేను: పండగ పూట పిల్లవాడికి ఖాళీ అట్ట ఇచ్చారా!

అబ్బాయి: ఖాళీ అని నువ్వంటున్నావు. ఆ అట్ట మీద బొమ్మల పేర్లు, నిలబడాల్సిన చోట్లు ఉన్నాయి. ఆ పిల్లవాడు వాటి మధ్య వేలు నడిపించి ఆడుకుని ఉంటాడు. ఆ రెండు మూడు నెలలూ వాడి దగ్గర ఏమీ లేదంటావా?

నేను వెంటనే జవాబివ్వలేదు. ఆ ప్రశ్నలో బరువుంది. ఎదురుచూపు అంటే లేకపోవడమే అని మనం తేలిగ్గా అనేస్తాం. కానీ దేనికోసం చూస్తున్నామో దాని ఆకారం మనలో అప్పటికే ఉంటుంది. ఎక్కడ నిలబెట్టాలో చోటు కూడా సిద్ధంగా ఉంటుంది. ఆ చోటు ఉన్నవాడు, లేనివాడు ఒకటి కారు.

నేను: ఆ పిల్లవాడు మోసపోలేదు, ఒప్పుకుంటున్నాను. వాడికి నలుగురి పేర్లూ తెలుసు. మాట ఇచ్చిందెవరో తెలుసు. బొమ్మలొచ్చాయి కూడా. నీకొచ్చిన నీడకి పేరు లేదే.

అబ్బాయి: చేసేవాళ్ళకే పేరూ ఊరూ సరిగ్గా తెలీని సందర్భాలున్నాయి పిన్నీ. అదే సినిమాలో కల్లు కొట్టు లాంటి చోట స్నాగిల్‌టూత్ అని ఒకడు క్షణం సేపు కనిపిస్తాడు. బొమ్మ చేసేవాళ్ళకి నడుం దాకా కత్తిరించిన ఫోటో ఒకటి దొరికింది. రంగులు లేనిది. మిగతా సగం వాళ్ళే ఊహించారు. పొడుగ్గా, నీలం బట్టల్లో, కాళ్ళకి బూట్లేసి చేశారు. తీరా చూస్తే వాడు పొట్టివాడు. తర్వాత పొట్టిగా, ఎర్ర బట్టల్లో మళ్ళీ చేశారు. ఇప్పుడు జనం ఎక్కువగా వెతికేది ఆ తప్పు బొమ్మ కోసమే.

నేను: చూశావా, ఊహించడం బొమ్మ చేసేవాడి దగ్గరే మొదలవుతుందన్నమాట. ఉండు, ఆ పాత పెట్టె ఇటు ఇయ్యి. నీకొకటి చూపించాలి.

మా అమ్మ కొన్న కొండపల్లి దశావతారాల వరస అది. పేపర్లలో చుట్టి ఉంటాయి. చివరిది తీశాను. తెల్ల గుర్రం, మీద కల్కి. తెల్ల పొణికి చెక్క, చేతిలో ఉన్నట్టే ఉండదు. గుర్రం ముందు కాళ్ళు విడిగా చెక్కి భుజం దగ్గర మక్కుతో అతికించారు. చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపి చేసే ముద్ద అది. ఏళ్ళు గడిచి అది కొంచెం ముడుచుకుపోయి, రంగు కింద వెంట్రుకంత బీట కనిపిస్తోంది. కత్తి ఒక సన్నటి పుల్ల. కళ్ళు మాత్రం చెవుల దాకా గీసి ఉన్నాయి.

నేను: అసలైన రాబోయే బొమ్మ ఇదిరా. ఈయన ఇంకా రాలేదు. ఫోటో లేదు, సగం ఫోటో కూడా లేదు. అయినా కొండపల్లిలో ఆయన్ని తరతరాలుగా చేస్తున్నారు. ఇది తప్పు బొమ్మ అని ఎవరూ అనలేదు.

అబ్బాయి: అనడానికి లేదు కాబట్టి అనలేదు. నిజంగా వచ్చిన రోజు పోల్చి చూస్తే తెలుస్తుంది.

నేను: కాదు. దీన్ని చెక్కినాయన కల్కి ఇలాగే ఉంటాడని చెప్పడం లేదు. తెల్ల గుర్రం, కత్తి, ఈ రెండు గుర్తులు పట్టుకోండి అంటున్నాడు. మిగతాదంతా తెరిచే ఉంచాడు. మీ నీడల మీద ఎర్ర గీతలు గీసేవాళ్ళకి ఆ ఓపిక లేదు. భుజం కొలత కూడా ఇప్పుడే తేలిపోవాలి. వచ్చిన రోజున కొలత తప్పితే బొమ్మ మీద కోపం.

అబ్బాయి: కోపం నిజమే, నేనూ పడ్డాను. కానీ గుర్తులు అందరూ ఒప్పుకున్నవే అనకు. పది అవతారాల్లో కొందరు బలరాముణ్ణి పెడతారు, కొందరు బుద్ధుణ్ణి. మీ వరసలో ఎవరు?

నేను: బుద్ధుడు. మా అత్తగారి వరసలో బలరాముడు. రెండూ పక్కపక్కనే పెడతాను.

అబ్బాయి: మరి చూడు! పదిమందిలో ఎవరుండాలన్న దాని మీదే ఇన్ని వందల ఏళ్ళుగా మాట తెగలేదు. మేం చేసేదీ అదే. వచ్చే వరసలో ఎవరుంటారో అని మొదలుపెడతాం. కాసేపటికి అది ఎవరుండాలి అనే మాటగా మారుతుంది. రెండు నిమిషాలు కనిపించి చచ్చిపోయిన సిపాయి ఉంటాడు సినిమాలో. వాడి గురించి ఏళ్ళ తరబడి అడిగేవాళ్ళున్నారు. వాడూ ఉన్నాడు, వాడికీ ఒళ్ళివ్వండి అని.

వాడు ఈ మాట అన్నప్పుడే నాకు వాడి రాత్రుళ్ళు అర్థమయ్యాయి. ఊహాగానం అంటే రేపటి సంగతి ముందే దొంగిలించాలనే ఆత్రం అనుకుంటూ వచ్చాను. దానిలోపల ఒక విన్నపం ఉందని అనుకోలేదు. ఫలానావాణ్ణి మర్చిపోవద్దు అనే విన్నపం. కొండపల్లి పల్లె వరస తీసుకోండి. తాడిచెట్టెక్కే గీత కార్మికుడున్నాడు, గంగిరెద్దుల వాడున్నాడు, ఎడ్లబండి తోలేవాడున్నాడు. దేవుళ్ళ మెట్ల కింద వీళ్ళకీ చోటు దొరికిందంటే, ఎప్పుడో ఎవరో చెక్క పట్టుకుని వీడూ బొమ్మ కావలసిన మనిషే అని తేల్చుకున్నారన్నమాట. నాకది చిన్న నిర్ణయంగా కనిపించదు. రాజస్థాన్ నుంచి నాలుగు వందల ఏళ్ళ కిందట వచ్చామని చెప్పుకునే కుటుంబాలు, వచ్చి చేరిన ఊళ్ళో చుట్టూ ఎవరున్నారో చూసి చేసిన పని అది.

నేను: ఇలా ఊహిస్తే నేను నీ పక్షమే. మరి ధరల సంగతేంటి? ఆ చైనా బొమ్మ కోసం పిల్లలు ఎగబడుతున్నారు కదా, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వేది.

అబ్బాయి: లబూబూ. అది మూసిన పెట్టెలో వస్తుంది. ఏ రంగుదో విప్పితేగానీ తెలీదు. కొన్ని వరసల్లో 72 పెట్టెలకి ఒక్కటి రహస్య బొమ్మ. 2025 జూన్‌లో బీజింగ్‌లో మనిషంత లబూబూ ఒకటి వేలంలో 10.8 లక్షల యువాన్లకి పోయింది. మన డబ్బులో కోటి దాటుతుంది.

నేను: అక్కడ ఊహించడానికి ఏముందిరా? గుర్తు లేదు, భుజం కొలత లేదు. తెలీకపోవడాన్నే పెట్టెలో పెట్టి అమ్ముతున్నారు. ఇష్టమైన రంగు కావాలని పిల్ల అడిగితే ఇంకో పెట్టె కొను అంటారు. నీ సిపాయి కోసం అడిగేవాళ్ళలో ప్రేమ ఉంది. దీన్లో నాకది కనిపించడం లేదు. పిల్లల ఆశని కొలిచి పెట్టెకింత అని అమ్మడం నాకు అన్యాయంగానే తోస్తుంది.

అబ్బాయి: రెండూ అంత విడిగా ఉండవు పిన్నీ. 1979లో బోబా ఫెట్ అనే బొమ్మ వీపు మీంచి రాకెట్ ఎగురుతుందని ప్రకటించారు. పిల్లల గొంతులో ఇరుక్కుంటుందని భయపడి ఆ రాకెట్‌ని కదలకుండా అతికించి పంపారు. ఎగిరేది దుకాణానికి రానే లేదు, నమూనాలు మాత్రం మిగిలాయి. వాటిల్లో ఒకటి 2024లో అయిదు లక్షల డాలర్లు దాటింది. మొదట ఆ బొమ్మ కోసం ఏడ్చింది పిల్లలే. పెద్దయ్యాక ఆ ఏడుపుకి ధర కట్టారు. అయినా మీ కొలువుల్లో పోటీ లేదా? పండగ దాకా కొత్త బొమ్మని ఎవరి కంటా పడకుండా దాచేవాళ్ళట మీ అత్తగారు. ఈ ఏడు వాళ్ళింట్లో కొత్తదేంటో అని పేరంటాళ్ళు ఊహించుకునేవాళ్ళని నువ్వే చెప్పావు.

నేను: నిజమే. ఏటా ఒక్క కొత్త బొమ్మైనా చేర్చాలన్నది మా ఆనవాయితీ. దాచడంలో గొప్ప చూపించుకోవాలన్న ఆశ కూడా ఉండేది, కాదనను. కానీ ఆ దాచిన బొమ్మ భోగి సాయంత్రం అందరికీ కనిపించేది. పేరంటానికొచ్చిన పిల్ల దాన్ని ముట్టుకునేది. మీ రాకెట్ బొమ్మని ఎవరు ముట్టుకుంటారు? కొన్నవాడు కూడా అద్దం పెట్టెలోంచి తీయడు. ఎవరొస్తారు అన్న ఊహ మనుషుల్ని దగ్గరికి చేరుస్తుంది. ఎంతకి పోతుంది అన్న ఊహ మొదలయ్యాక ఆ బొమ్మ ఎవరిదో కూడా ఎవరికీ అక్కర్లేదు.

అబ్బాయి: అలా అయితే కొండపల్లి వాళ్ళు ఎలా బతకాలి? ధర రాకపోతే పిల్లలు ఉలి పట్టరు.

నేను: న్యాయమైన ధర వేరు, జూదం ధర వేరు. అక్కడ ఇప్పుడు మనం నిజంగా ఊహించాల్సింది ఇంకోటుంది. కొండ చుట్టూ తెల్ల పొణికి తగ్గిపోతోంది. కొట్టినంత తొందరగా ఆ చెట్టు పెరగదు. నాటిన మొక్క చెక్కకొచ్చేదాకా ఏళ్ళు ఆగాలి. ఏ బొమ్మ వస్తుందన్న మాట తర్వాత, ఏ బొమ్మైనా రావాలంటే ముందు ఆ చెట్టుండాలి. మీ ఎర్ర గీతల వాళ్ళలో పదిమంది ఈ చెట్టు గురించి అంత పట్టుగా మాట్లాడితే ఎంత బావుంటుంది!

అబ్బాయి: మాట్లాడతాను. ఉత్తినే అనడం లేదు. కానీ చెట్టంటే ఎవరూ వినరు, ఫలానా బొమ్మ అంటేనే వింటారు. నీకే బొమ్మ కావాలో చెప్పు.

నేను: మామిడికాయలు సర్దే మనిషి. ఎండాకాలంలో నూజివీడు రోడ్డున పోతుంటే షెడ్లలో గడ్డి పరిచి కూర్చుని పెట్టెల్లో కాయలు పేరుస్తుంటారే, ఆవిడ. నా మెట్ల మీద ఆవిడ లేదు.

అబ్బాయి: కూర్చున్న మనిషైతే కాళ్ళూ పెట్టె ఒకే చెక్కలో వస్తాయి. గడ్డి ఎలా?

నేను: చెక్కక్కర్లేదు. ఎండుగడ్డే సన్నగా కత్తిరించి అతికించొచ్చు.

అబ్బాయి: కాయ చేతిలో ఉండాలా, పెట్టెలో పెడుతుండాలా?

నేను: చేతిలో. తొడిమ వైపు చూస్తుండాలి, సొన కారుతోందేమోనని. ముంజేతుల మీద సొన పడి కాలిన మచ్చలుంటాయి ఆవిడకి. అవి లేకపోతే ఆవిడ కాదు.

అబ్బాయి: కనుమ వెళ్ళాక కొండపల్లి బొమ్మల కాలనీకి పోయి అడుగుదాం. అడ్వాన్సు అడుగుతారు. చేతిలో ఏమీ లేకుండా ఇస్తావా?

నేను: ఇస్తాను. ఎవరికిస్తున్నానో ఎదురుగా కనిపిస్తాడుగా.

అబ్బాయి: నువ్వనుకున్నట్టు రాకపోతే?

నేను: ఆయన ఆవిణ్ణి ఎలా చూశాడో అలా వస్తుంది. చెక్క ఆరడానికి ఎన్నాళ్ళంటే అన్నాళ్ళు ఆగుతాను. ఆ మచ్చల సంగతి మాత్రం రెండుసార్లు చెప్పి రావాలి.