అమ్మ లేని వంటిల్లు

తుపాకీ ఆటలంటే నాకు మొదటినించీ పడదు. మా అబ్బాయి గదిలోంచి కాల్పుల మోత వినిపిస్తే తలుపు మూసేసేదాన్ని. అలాంటిది, పాత 'డూమ్ 2' ఆట కోసం ఒక అభిమాని కట్టిన 'మైహౌస్' అనే లెవెల్‌లోకి ఈమధ్య రెండోసారి వెళ్ళాను. మొదటిసారి వాడు పక్కన కూర్చుని ఆడించాడు. ఈసారి ఒక్కదాన్నే.

1993లో 'డూమ్' తయారుచేసినవాళ్ళు ఆటను నడిపే ఇంజన్‌నీ, గదులూ బొమ్మలూ ఉండే ఫైళ్ళనీ విడివిడిగా ఉంచారు. దాంతో ఎవరి లెవెల్ వాళ్ళు కట్టుకోవచ్చు. తమ ఇంటినే, తమ బడినే కట్టిన కుర్రాళ్ళున్నారు. తెలిసిన చోటు కదా! అమ్మ అన్నం వండే చోట రాక్షసుల్ని నిలబెట్టి కాల్చడం వాళ్ళకి తప్పుగా తోచి ఉండదు. నాకు మాత్రం ఇప్పటికీ ముల్లులా గుచ్చుకుంటుంది.

'మైహౌస్' 2023లో వచ్చింది. చనిపోయిన స్నేహితుడి పాత మ్యాప్‌ని అతని గుర్తుగా పూర్తిచేశానని చెప్పే కథతో. పైకి మామూలు ఇల్లే. కానీ పాత డూమ్‌లో గది మీద గది కట్టడం కుదరదు, ఇక్కడేమో మేడగది ఉంది. అనుమానం అక్కడే రావాలి. తర్వాత ఇందాక లేని తలుపు కనిపిస్తుంది. సంగీతం మెల్లగా చెడిపోతుంది. అదే ఇల్లు, అది కాకుండా పోతుంది. ఆడినవాళ్ళు దీనికే హడలిపోయారట. నాకు నవ్వొచ్చింది. గేటు చప్పుడుకీ, లోపలికొచ్చే అడుగుల బరువుకీ ఇల్లంతా మారిపోవడం మనలో ఎందరికి కొత్త?

మొదటిసారి అంతటితో తృప్తిపడ్డాను. ఈసారి వేరే ప్రశ్న పట్టుకుంది. తుపాకీ పట్టుకుని పోయినవాళ్ళ ఇంట్లో తిరిగే హక్కు మనకుందా?

అమ్మ పోయాక ఇల్లు అమ్మేశారు. నన్నెవరూ అడగలేదు. అప్పుడు నేనూ ఆ ఇంటి ప్లాను గీయబోయాను. వసారా, హాలు, నాన్న పడక్కుర్చీ కొలతలతో సహా వచ్చాయి. వంటింటి దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఉప్పు జాడీ ఎక్కడుండేది? పోపుల డబ్బా ఏ అరలో? చదువుకునే పిల్లనని అమ్మ నన్ను అటు రానిచ్చేది కాదు. గుమ్మం దగ్గర కాఫీ గ్లాసు అందుకోవడమే నాకు తెలిసిన వంటిల్లు. నా చేతిలో తుపాకీ లేదు, పుస్తకం ఉంది. అయినా నేనూ ఆ ఇంట్లో ఏమీ చూడకుండానే తిరిగాను.

'మైహౌస్'లో కాల్చుకుంటూ పోయినా బయటపడొచ్చు. అసలు ముగింపు మాత్రం సముద్రపు ఒడ్డున ఉంది. అక్కడికి చేరాలంటే చిన్న చిన్న వస్తువులు వెతికి ఏరుకోవాలి. వెతకడానికి తుపాకీ పనికిరాదు. దాంతో ఆ ఆట తన హింసను కడిగేసుకుందని నేననను. దారిలో నేనూ కాల్చాను మరి. కానీ ఏరుకోవడానికి వస్తువంటూ అక్కడుండాలి కదా. నా ప్లానులో వంటిల్లు ఇంకా నాలుగు గీతలే.

మొన్న పిన్నికి ఫోన్ చేసి ఉప్పు జాడీ గురించి అడిగాను.

"పొయ్యికి కుడిపక్క, కిటికీ కింద" అంది వెంటనే. కాసేపాగి, "ఎందుకే ఇప్పుడు?" అంది.