ఆరు కిలోలు

సంక్రాంతి వెళ్ళిన వారానికి విస్సన్నపేటలో మా ఇంటి వసారాలో, నవారు మంచం మీద రెండు రోజుల ప్రయాణానికి కావలసిన సామానంతా పరుచుకుని కూర్చున్నాను. ఐదుగురం స్నేహితురాళ్ళం. అందరం పాఠాలు చెప్పుకుంటూ, పరిశోధన పత్రాలు రాసుకుంటూ నడుములు పట్టేసినవాళ్ళమే. తలకోన దగ్గర శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనంలో కాలినడకన తిరగాలని ఏడాదిగా అనుకుంటున్నాం. మాలో ఇదివరకు కొండలెక్కిన ఒకామె ఏమేం సర్దుకోవాలో పట్టీ రాసి పంపింది. జారని బూట్లు, రెండు జతల మేజోళ్ళు, పొడుగు చేతుల చొక్కా, త్వరగా ఆరే ప్యాంటు, టోపీ, రెండు లీటర్ల నీళ్ళు, టార్చిలైటు, వానకోటు, ఓఆర్ఎస్ పొట్లాలు, కట్టుగుడ్డ, మన చెత్త మనమే తిరిగి తెచ్చుకోవడానికి ఒక కవరు. చివర్న ఒక హెచ్చరిక: సంచి బరువు మన ఒంటి బరువులో పదో వంతు దాటకూడదు. నా లెక్కకి ఆరు కిలోలు.

మామిడికాయలు తూచే కాటా ఇంట్లోనే ఉంది. తగిలించి చూస్తే తొమ్మిదిన్నర.

ఆ మూడున్నర కిలోలూ ఎక్కడివని ఒక్కొక్కటే తీసి చూశాను. రెండు చున్నీలు. కాగితంలో కట్టిన కారప్పొడి. ఈల. ఒకటి పాడైతే ఇంకొకటని రెండో ఫోను, దాని ఛార్జరు. బస్సులో వేసుకోవడానికొక జత, అడవిలో నడవడానికొకటి, గెస్ట్ హౌస్ కాపలాదారు ముందు తిరగడానికి మరొకటి. వీటిలో సగం అడవి కోసం కాదు. చిరుతపులి కోసం ఎవరూ చున్నీ సర్దుకోరు కదా! స్త్రీల శరీరం మీద చూపుల రాజకీయాల గురించి నేనే ఎన్నో పేజీలు రాశాను గానీ, ఆ చూపులకి కిలోల్లో బరువుంటుందని కాటా చెప్పేదాకా తోచలేదు.

పట్టీలో ఇంకో మాట నన్ను కాస్త నొప్పించింది. నూలు బట్టలు వద్దట. తడిస్తే ఆరవు, చెమట పట్టి ఒరుసుకుంటాయి, చలికి ఒంటికి అంటుకుంటాయి. నిజమే. కానీ నాలాంటివాళ్ళకి చేనేత నూలు చీర బట్ట మాత్రమే కాదు, ఒక ప్రకటన. సభల్లో మనల్ని మనం గుర్తుపట్టుకునేది దానితోనే. మా తోటలకి పనికొచ్చే ఆడవాళ్ళు మాత్రం ఎప్పట్నుంచో పాలియెస్టర్ చీరలే కడతారు. పొద్దున తడిపితే మధ్యాహ్నానికి ఆరిపోతుంది, ఇస్త్రీ అక్కర్లేదు, చవక. ఆ చీరల్ని చూసి మనసులో ఎన్నిసార్లు అభిరుచి లెక్కలు వేశానో ఒప్పుకోవడానికి సిగ్గేస్తోంది.

పొడుగు చేతుల చొక్కా కోసం నాన్న పాతది వెతుక్కుని తొడుక్కుని చూస్తుంటే, పత్తి తీతకి వెళ్తూ మంచినీళ్ళకి ఆగిన ఒకావిడ పకపకా నవ్వింది. "ఏంటమ్మాయ్, నువ్వూ పత్తికొస్తన్నావా?" ఆవిడ ఒంటి మీదా అదే. చీర పైన మగవాళ్ళ చొక్కా, మణికట్టు దాకా గుండీలు, నెత్తికి చుట్టిన తువ్వాలు, పైకెత్తి దోపిన కుచ్చిళ్ళు. ముళ్ళకీ పురుగులకీ ఎండకీ తట్టుకునేలా ఒళ్ళు ఎలా కప్పుకోవాలో మా స్నేహితురాలి పట్టీలో ఉన్నదంతా ఆవిడ కట్టులో ఉంది. ఒక్క బూట్లు తప్ప. నేను సెలవు పెట్టుకుని వేసే వేషం ఆవిడ రోజూ కూలికి కట్టే కట్టు. ఇంతకీ నేను కొనుక్కున్న బూట్లు ఆవిడకి ఎన్ని రోజుల కూలి అని లెక్క వేయబోయి మానేశాను. లెక్క తెలిసినంత మాత్రాన ఏం చేస్తాను గనక?

నెలసరి తేదీ కూడా ఆ రెండు రోజులకి దగ్గర్లోనే ఉంది. ప్యాడ్లు, వాడినవి చుట్టి తెచ్చుకోవడానికి నల్ల కవరు సర్దాను. అమ్మ చూసి, "అడవిలో ఆ వాసనకి జంతువులొస్తాయంటారే" అంది. అమ్మ పాతకాలపు మైల భయమే అనుకుని నవ్వబోయాను గానీ, ఇదే మాట అమెరికాలో శాస్త్రం బట్టలు కట్టుకుని తిరిగిందని గుర్తొచ్చింది. 1967 ఆగస్టులో గ్లేసియర్ జాతీయ ఉద్యానవనంలో ఒకే రాత్రి వేర్వేరు చోట్ల రెండు ఎలుగుబంట్లు ఇద్దరు యువతుల్ని చంపేశాయి. నెలసరే కారణం కావచ్చని ఊహాగానాలు లేచాయి. ఆ రోజుల్లో ఆడవాళ్ళు ఎలుగులున్న అడవులకి పోకపోవడం మంచిదని ఏళ్ళ తరబడి సలహాలిచ్చారు. నల్ల ఎలుగుల మీద చేసిన పరిశోధన 1991లో అచ్చయింది. అవి ఆ వాసనని పట్టించుకోలేదని తేలింది. మనుషులు వదిలేసే తిండికీ చెత్తకీ అలవాటుపడిన ఎలుగులవి. నింద మాత్రం చెత్త మీద కంటే ముందు ఆడవాళ్ళ ఒంటి మీద పడింది. అమ్మకి చెప్తే, "అయితే తిండి కవరు గట్టిగా మూతి కట్టుకో" అంది. ఆవిడది ఎప్పుడూ పనికొచ్చే తర్కమే.

చున్నీలు రెండూ తీసేశాను, ఫోను తీసేశాను, బట్టలు తగ్గించాను. కారప్పొడి మాత్రం తీయలేకపోయాను. కాటా ఆరు దగ్గర ఆగింది. కాస్త గర్వంగానే అనిపించింది. తేలికగా నడవడం ఒక సుగుణంలా చెప్తుంటారు కొండలెక్కేవాళ్ళు. అవసరానికీ ఆశకీ తేడా తెలిసినవాళ్ళ సంచే తేలికగా ఉంటుందంటారు. తత్త్వం బాగానే ఉంది. కానీ ఎవరి వీపు తేలికైందో చెప్పేటప్పుడు, ఎవరి వీపు బరువెక్కిందో కూడా చెప్పాలి కదా.

1830 మేలో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య తిరుపతి మీదుగానే సాగాడు. మన యాత్రా సాహిత్యం ఆయనతోనే మొదలవుతుందని పాఠం చెప్తాం. పల్లకీ, డేరాలు, వెంట బోయీలు. ఆ పుస్తకాన్ని తరగతిలో ఎన్నిసార్లు చెప్పానో! మోసినవాళ్ళ భుజాల గురించి ఒక్క ప్రశ్న కూడా పరీక్షలో ఇవ్వలేదు. 1944లో ఘాట్ రోడ్డు పడేదాకా తిరుమల కొండకి వెళ్ళాలంటే నడవాలి, లేదా డోలీలో ఎవరో మోయాలి.

మా అమ్మ అలిపిరి నుంచి మూడున్నర వేల మెట్లూ నన్ను చంకనేసుకుని ఎక్కింది. అదీ శేషాచలం అడవే. మేం ఇప్పుడు పట్టీ రాసుకుని వెళ్తున్నది ఆ కొండల్లోకే. నెత్తిన ఇంటిల్లిపాది బట్టల మూట, చేతిలో పాలసీసా, పులిహోర డబ్బా, కాళ్ళకి చెప్పుల్లేవు. నాన్న చేతిలో గొడుగు. "నీకోసం ఏం సర్దుకున్నావమ్మా?" అని అడిగాను. "నాకేం కావాలి? కట్టుకున్నది ఉందిగా" అంది. 2023 ఆగస్టులో అదే మెట్ల దారిలో ఆరేళ్ళ పాపని చిరుత ఎత్తుకెళ్ళి చంపేసింది. తర్వాత కొండెక్కేవాళ్ళ చేతికి కర్రలిచ్చారు. ఆ వార్త చూసిన రోజు అమ్మ చాలాసేపు మాట్లాడలేదు.

నా సంచి ఆరు కిలోలకి దిగడానికి అసలు కారణం కాటాలో పడనిది. మా ఐదేళ్ళ పాప. ఆ రెండు రోజులూ అమ్మ దగ్గరే ఉంటుంది. దాని పాలు, దాని మారాం, రాత్రి రెండింటికి దాని దగ్గు, పొద్దున ఒకపట్టాన దొరకని రెండో చెప్పు, అన్నీ అమ్మవే. మరి నేను తేలికైనట్టా, నా బరువు ఇంకొక ఆడమనిషి భుజానికి మారినట్టా?

ఇలా ఆలోచించడమే పితృస్వామ్యం మన సంచిలో పెట్టిన రాయి అని ఒక స్నేహితురాలు కోప్పడింది. కిందటేడు నా భర్త స్నేహితులతో వారం రోజులు కొండలకి వెళ్తే పాపనెవరు చూస్తారని ఎవరూ అడగలేదు, ఆయనా అనుకోలేదు. నిజం. అపరాధభావం ఆడవాళ్ళకే పంచిన సామాను. దాన్ని మంచం మీదే వదిలేయాలి. అయితే అపరాధభావమూ బాకీ ఒకటి కావు. మొదటిది నా మనసులో మొదలై నా మనసులోనే ముగుస్తుంది, కాసేపు బాధపడితే చెల్లిపోయినట్టుంటుంది. బాకీ అలా కాదు, ఎదుట అప్పిచ్చిన మనిషుంటుంది. నేను వెళ్ళడం మానేస్తే అమ్మ బరువేం తగ్గదు. వెళ్ళి వచ్చి "థాంక్స్ అమ్మా" అంటే తీరేదీ కాదు. ప్రేమతో చేస్తోంది కదా అనడం అన్నిటికంటే సులువు, ప్రేమకి కూలి లెక్క కట్టం గనక.

ఎమ్మా గేట్‌వుడ్ అనే అమెరికన్ స్త్రీ 1955లో, 67 ఏళ్ళ వయసులో, అపలాచియన్ దారి మొత్తం ఒంటరిగా నడిచింది. రెండు జాతీయ ఉద్యానవనాల మీదుగా, రెండు వేల మైళ్ళకి పైగా. డెనిం గుడ్డతో తను కుట్టుకున్న సంచి, కాన్వాసు బూట్లు, వానకి స్నానాలగది తెర. తేలిక సంచుల వాళ్ళందరికీ ఆమె ఆదర్శం. ఆ కథ చెప్పేటప్పుడు ఆ సంచినే మెచ్చుకుంటారు. ఏళ్ళ తరబడి భర్త చేతిలో దెబ్బలు తిని, విడిపోయి, పదకొండుమంది పిల్లల్ని పెంచాక గానీ ఆమె వీపు ఖాళీ కాలేదన్నది వెనక్కి పోతుంది.

అమ్మకి అరవై మూడు. "వచ్చే నెల నువ్వెళ్ళు. పాపనీ నాన్ననీ ఇంటినీ నేను చూస్తాను" అన్నాను. "నేనెక్కడికెళ్తానే!" అని కొట్టిపారేసింది. ఎక్కడికని ఎవరూ ఎప్పుడూ అడగని మనిషికి ఊరి పేరు వెంటనే తోచదు.

తెల్లవారుజామున విజయవాడ బస్సు. బూట్ల తాళ్ళు కట్టుకుంటుంటే అమ్మ సంచి ఎత్తి చూసింది. "ఇంతేనా?" అంది. రెండు పట్టీల్లోనూ చేతులు దూర్చి చీర మీదే వీపుకి తగిలించుకుంది. వసారా దిగి గేటు దాకా నడిచింది, వెనక్కొచ్చింది, మళ్ళీ వెళ్ళింది. బస్సు టైమవుతోందని పిలిచాను.

"ఉండవే, చేతులు రెండూ ఖాళీగా ఉన్నాయి" అంది.