కాస్త వదులుగా కుట్టిన అంగీ

జూన్ 12
పఠనం: 1 సమూయేలు 1:9-18, 2:18-21, 26, 3:1-19

హన్నా ఏటేటా ఒక చిన్న అంగీ కుట్టి షిలో మందిరానికి పట్టుకెళ్లేదని సమూయేలు మొదటి గ్రంథం ఒక్క వచనంలో చెప్పి ముందుకు వెళ్లిపోతుంది. రాజులూ యుద్ధాలూ నిండిన ఆ గ్రంథంలో పిల్లాడి అంగీకి చోటెలా దొరికిందా అనిపిస్తుంది. పాలు మాన్పించగానే దేవుని సేవకు అప్పగించిన బిడ్డ అతను. ఆ తల్లి మళ్లీ చూసేది ఏడాదికోసారి, భర్తతో కలిసి బలి అర్పించడానికి వెళ్లినప్పుడు. అంటే అంగీ కుట్టేటప్పుడు బిడ్డ ఎదురుగా లేడు, కొలత లేదు. నిరుడు చూసిన ఎత్తు గుర్తుంది. ఈ ఏడు ఎంత ఎదిగి ఉంటాడో ఊహించుకోవాలి. చేతులు కాస్త పొడవుగా పెట్టి ఉంటుంది, అంచు లోపలికి మడిచి కుట్టి ఉంటుంది. గ్రంథంలో అంత వివరం లేదు గానీ పిల్లలున్న ఏ తల్లినడిగినా చెబుతుంది.

మన రాష్ట్రంలో వేసవి సెలవులు ముగిసి బడులు తెరిచే రోజు ఇది. నరసరావుపేటలోనైనా, చిలకలూరిపేటలోనైనా, మార్కాపురంలోనైనా టైలరు దుకాణాల్లో కొద్ది రోజులుగా వినబడేది ఒకటే మాట: “ఎదిగే పిల్లాడు, కాస్త వదులుగా కుట్టు నాయనా.” పత్తి పండే నేల మీద పిల్లలకు తొడిగేది మాత్రం టెరికాటన్. అదో విడ్డూరం. అయితే ఉతకడం తేలిక, త్వరగా ఆరుతుంది, ఇస్త్రీ లేకపోయినా గడుస్తుంది. పొద్దున్నే చేలోకి పోవలసిన తల్లికి అంతకు మించి ఏం కావాలి?

మనవైపు బడికి తోడుగా వేసవి సెలవులు తీసుకునేది ఇంకొకటుంది, గుంటూరు మిర్చి యార్డు. మే ఎండల్లో హమాలీలు బస్తా మోయలేరు, కాయ కూడా ఆరిపోయి తూకం తగ్గుతుంది. అందుకని దాదాపు నెల రోజులు యార్డు మూసేసి, బడులు తెరిచే రోజుల్లోనే అదీ తెరుస్తారు. అక్కడికి మిర్చి టిక్కీలు వస్తాయి, ఇక్కడికి పుస్తకాల సంచులు వస్తాయి. మరో సంగతి చాలామందికి తట్టదు. బాలకార్మిక వ్యవస్థకు వ్యతిరేకంగా ప్రపంచమంతా పాటించే దినం కూడా జూన్ 12నే. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2002లో దాన్ని మొదలుపెట్టింది. ఎవరూ కావాలని కలపలేదు గానీ, మిరప పొలాల మధ్య బడి నడిపేవాళ్లకు ఈ రెండూ ఒకే రోజున రావడం ఊరికే పోనిచ్చే సంగతి కాదు.

ఎందుకంటే మన బడుల్లో చివరి నెలలు ఎలా గడుస్తాయో మనకు తెలుసు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా మిరప కోతలు. ఇంకా తెల్లవారకముందే కూలీల ముఠాలను ఎక్కించుకుని ఆటోలు వెళ్లిపోతాయి. చంటిబిడ్డను చూసుకోవడానికి మూడో తరగతి పిల్ల ఇంట్లో ఉండిపోతుంది. అయిదో తరగతి పిల్లాడు అమ్మ పక్కన తనూ ఒక సాలు పట్టుకుంటాడు. కోసిగి, మంత్రాలయం, ఆదోని వైపు నుంచి వలస వచ్చే కుటుంబాల పిల్లల సంగతి మరీ అన్యాయం. పేరు అక్కడి బడి రిజిస్టరులో, మనిషి ఇక్కడి చేలో. పగలంతా కాయ కోసిన చేతులు రాత్రి మండుతుంటే కొబ్బరినూనె రాసుకుని పడుకునే బిడ్డ, మర్నాడు ఎక్కం అప్పజెప్పలేదంటే అది తెలివితక్కువతనం కాదు.

కానీ బడిలో దానికి వేరే పేరు పడుతుంది. “వీడికి రాదండీ.” “ఈ పిల్ల ఏప్రిల్‌లో కనబడనే లేదు, మళ్లీ ఇప్పుడొచ్చింది.” నిరుడు పాఠం చెప్పిన టీచరమ్మ ఈ ఏడు చెప్పబోయే టీచరమ్మకు పిల్లల పేర్లతో పాటు ఈ మాటలు కూడా అప్పగించేస్తుంది, చెడ్డ ఉద్దేశంతో కాదు, సాయం చేస్తున్నాననుకునే. కొత్త తరగతి గదిలో అడుగు పెట్టకముందే బిడ్డ కొలత ఎంతో తేలిపోయింది. ఏ తల్లీ నిరుటి కొలతతో ఈ ఏటి చొక్కా కుట్టించదు. బడే ఆ పని చేస్తుంది.

షిలోలో ఏలీ అనే ముసలి యాజకుడు ఉండేవాడు. బాల సమూయేలుకు గురువు ఆయనే. ఆ మందిరమేమీ ఆదర్శ విద్యాలయం కాదు. ఆయన సొంత కొడుకులే బలిమాంసం దోచుకుతినేవాళ్లు. ఏలీ కూడా తొందరపడి మనిషిని అంచనా కట్టేసే రకమే. అంతకు కొన్నేళ్ల ముందు హన్నా మందిరంలో ఏడుస్తూ ప్రార్థించుకుంటోంది. పెదవులు కదులుతున్నాయి, గొంతు బయటికి రావడం లేదు. అది చూసి ఏలీ ఆమె తాగి వచ్చిందనుకున్నాడు, గద్దించాడు కూడా. ఎంత మాట! తన బాధ ఆమె తనే చెప్పుకోవలసి వచ్చింది, నేను అలాంటి ఆడదాన్ని కాదు అని.

బడి తెరిచిన మొదటి వారంలో మన గేట్ల దగ్గర హన్నాలు చాలామంది నిలబడతారు. పనికి పోయే చీరతోనే వస్తారు. బిడ్డ ఏ సెక్షనో తెలియదు, సంతకం ఎక్కడ పెట్టాలో తెలియదు. వరసలో వెనక్కి వెనక్కి జరుగుతారు. “ఇప్పుడా అమ్మా రావడం?” అని ఆఫీసు కిటికీలోంచి ఒక గొంతు. ఆ గొంతు ఎవరిదైనా కావచ్చు, ఫాదర్‌దీ సిస్టర్‌దీ కూడా కావచ్చు. ఏలీ యాజకుడేనని మరచిపోవద్దు.

అయితే ఏలీని అక్కడితో వదిలేస్తే అన్యాయం చేసినట్టే. హన్నా జవాబు విన్నాక ఆయన తన మాట మార్చుకున్నాడు, దీవించి పంపాడు. ఆ తరువాత ఒక రాత్రి దేవుడు సమూయేలును పేరు పెట్టి పిలిస్తే, ఏలీ పిలిచాడనుకుని పిల్లాడు ఆయన దగ్గరికి పరుగెత్తాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. మొదటి రెండుసార్లూ వెళ్లి పడుకోమన్నాడు. మూడోసారికి ముసలాయనకు తట్టింది, పిల్లాడు కలవరించడం లేదు, వీణ్ణి పిలుస్తున్నది దేవుడు అని. ఏం జవాబు చెప్పాలో నేర్పి పంపాడు, తను మాత్రం పడక దగ్గరే ఉండిపోయాడు. తెల్లవారాక పిల్లాడు విన్న కబురు ఏలీ ఇంటి మీదికే వచ్చిన తీర్పు. దాన్ని కూడా దాచకుండా చెప్పమని అడిగి, చెప్పించుకుని, తలవంచాడు. కళ్లు మసకబారిన ముసలితనంలో, తన చేతి కింద పెరిగిన పిల్లాడి నోటి నుంచి తన తప్పు వినగలిగిన గురువు. నాకు తెలిసి బైబిలు గ్రంథంలో ఉపాధ్యాయులకు ఇంతకన్నా దగ్గరి మనిషి లేడు.

మన నేల మీద కూడా ఒక హన్నా ఉంది. 1822లో ఫిరంగిపురంలో పుట్టిన తాటిపత్రి జ్ఞానమ్మ. పెళ్లయి, పిల్లల్ని కని, భర్తను పోగొట్టుకున్న గృహిణి. ఇప్పటి తమిళనాడులోని తిరువళ్లూరు జిల్లా కీళచ్చేరిలో తెలుగు కతోలిక కుటుంబాలుండేవి. ఆమె మెట్టినది అక్కడే. అక్కడే 1863లో ఆడపిల్లల కోసం బడి తెరిచింది. ఆడపిల్లకు అక్షరం ఎందుకని అయినవాళ్లే ఎదురడిగే రోజులవి. మిల్‌హిల్ మిషనరీ గురువులు తెలుగు నేల మీద అడుగుపెట్టడానికి ఇంకా పన్నెండేళ్లుంది. పిల్లల్ని పెంచి పెద్దచేసిన చేతులతోనే ఆమె బడి నడిపింది. 1874 డిసెంబరు 21న కన్నుమూసింది. చెన్నైలోనూ ఫిరంగిపురంలోనూ వేళ్లూనుకున్న పునీత అన్నమ్మ సభల సిస్టర్లు ఈమెనే తమ తల్లిగా చెప్పుకుంటారు. శ్రీసభ ఆమెను దైవసేవకురాలని పిలుస్తోంది. గుంటూరు మేత్రాసనం ఏర్పడింది 1940లో. అంటే మనకు మేత్రాసనం రాకముందే, ఫిరంగిపురం ఆడబిడ్డ ఒకామె బడి గంట కొట్టేసింది.

ఆ ఫిరంగిపురంలో పెద్ద దేవాలయం బాలయేసు పేరున ఉంది. పండుగకు వెళ్లినప్పుడు చంటిబిడ్డగానే ఆయన్ను తలుచుకుంటాం గానీ లూకా సువార్తికుడు బాలయేసును పసితనంతో వదిలెయ్యలేదు. పన్నెండేళ్లవాడిగా మందిరంలో బోధకుల మధ్య కూర్చోబెట్టి, వాళ్లను ప్రశ్నలు అడిగించాడు. జ్ఞానంలోనూ వయసులోనూ దేవుని దయలోనూ ఎదిగాడని చెప్పాడు. సమూయేలు గురించి పాత గ్రంథంలో ఉన్న మాటల పోలికలోనే లూకా ఆ వచనం రాశాడు. దేవుని కుమారుడు కూడా ఎదగవలసి వచ్చింది, ఒక్క ఏడులో అయిపోలేదు. ఇక మన ఒకటో తరగతి పిల్లాడు అక్టోబరు దాకా ‘ళ’ రాయలేకపోతే కొంపలేమీ మునగవు.

బడి గురించి మాట్లాడుకునేటప్పుడు ఇంకో మాట దాటవేయలేను. పట్నంలో మన కాన్వెంటు గేటు ముందు అడ్మిషన్ల కోసం జనం బారులు తీరుతారు, సిఫారసు ఉత్తరాలు తెస్తారు. పల్లెలో అదే శ్రీసభ నడిపే ఆర్‌సీఎం బడిలో గదులున్నాయి, పిల్లలు పలచబడ్డారు, రిటైరైన ఎయిడెడ్ టీచర్ల స్థానాలు ఏళ్ల తరబడి ఖాళీగా పడి ఉన్నాయి. 2021లో ఎయిడెడ్ బడులను ప్రభుత్వం తనకు అప్పగించమన్నప్పుడు ఈ పల్లె బడుల కోసం మనం కాస్త గట్టిగానే మాట్లాడాం. మాట్లాడినవాళ్లలో ఎంతమంది పిల్లలు ఆ బడుల్లో చదువుతున్నారో ఎవరికి వారు లెక్క చూసుకోవచ్చు. సమూయేలు పెరిగిన మందిరం కన్నా మన పల్లె బడులు ఏమీ తీసిపోలేదు. పిలుపు వినబడినప్పుడు గుర్తుపట్టే ఏలీ ఒక్కరుంటే చాలు.

ఈ ఉదయం అసెంబ్లీలో వరసగా నిలబడే పిల్లల్లో కతోలికులు కొందరే. హిందువుల పిల్లలుంటారు, ముస్లింల పిల్లలుంటారు. విచారణ గురువులు తీర్థజలం చల్లుతుంటే అందరి మీదా పడుతుంది, అందరూ నవ్వుతారు. ప్రభువు చిన్నపిల్లల్ని దగ్గరికి రానిమ్మన్నప్పుడు ఎవరి పిల్లలని అడిగినట్టు మార్కు సువార్త పదో అధ్యాయంలో ఎక్కడా లేదు. వాళ్లను అడ్డుకున్నది పరులు కాదు, శిష్యులే. దానికి ప్రభువుకు కోపం వచ్చిందని కూడా మార్కు రాశాడు.

ప్రార్థన:

ప్రభువా, ఈ రోజు బడికి వచ్చిన ప్రతి బిడ్డ పేరూ నీకు తెలుసు. రాని బిడ్డ పేరు మాకు గుర్తు చెయ్యి. నిరుడు మేం వేసిన ముద్రలు మా నోటి నుంచి తుడిచెయ్యి. బిడ్డ మూడోసారి వచ్చి లేపినా విసుక్కోని ఓపిక మా ఉపాధ్యాయులకు దయచెయ్యి. గేటు దగ్గర వెనక్కి జరిగే తల్లికి ముందుగా కుర్చీ వేసే బుద్ధి మా ఆఫీసులకు కలిగించు. చేలల్లో పనిచేసే తల్లిదండ్రుల ఒంటికి సత్తువనూ చేతికి న్యాయమైన కూలినీ అనుగ్రహించు. వేళకు వాన కురిపించు. బాలయేసు నామమున అడుగుతున్నాం. ఆమెన్.

ఈ వారం చేయదగిన పని:

మీ వీధిలో, మీ పేటలో, మీ చేలో కూలికి వచ్చే కుటుంబాల్లో బడి ఈడు పిల్లలు బడికి పోకుండా ఉన్నారేమో చూడండి. ఉంటే ఆ ఇంటికి వెళ్లండి. ఒక్కరే కాదు, ఆ తల్లికి తెలిసిన మనిషిని తోడు తీసుకుని. టీసీ రాలేదని, పుట్టిన తేదీ కాగితం లేదని ఏ బడీ బిడ్డను చేర్చుకోకుండా ఉండకూడదని 2009 నాటి విద్యాహక్కు చట్టం చెబుతోంది. ఆ చట్టం మైనారిటీ విద్యాసంస్థలకు వర్తించదని 2014లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. కాబట్టి మన బడుల మేనేజర్లూ హెడ్మాస్టర్లూ ఎవరి బలవంతం లేకుండా తమంతట తామే ఆ పని చేయాలి. కాగితాలు తరవాత తెచ్చుకోవచ్చు, బిడ్డను మాత్రం ఈ వారంలోనే చేర్చుకోండి.