అప్పగింపబడిన ప్రాణము



దేవుని సృష్టిలో మన కంటికి ఇంపైన ప్రాణిని ఇంటికి తెచ్చుకొని ఉంచుకొనుటకు మనకు హక్కు కలదా? తెచ్చుకొన్న పిమ్మట దానికి మనము ఎంతవరకు బాధ్యులము? చిలుకను పంజరములో పెట్టువానికిని, ఎద్దును కొట్టములో కట్టువానికిని ఈ ప్రశ్న చెందినదే. దీనిని మిక్కిలి తేటగా చూపు పని యొకటి కలదు. అమెరికాలోను ఐరోపాలోను కొందరు తమ యిండ్లలో గాజు తొట్టెలు కట్టి, ఉప్పునీరు నింపి, పగడపు దిబ్బను పెంచుదురు. మన పల్లెలలో అట్టిది కానరాదు. మన దేశములో 2001లో పగడములను వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రిందికి తెచ్చిరి గనుక, వాటిని సముద్రములోనుండి తీయుట నేరము కూడ. అయినను ఆ తొట్టె నేర్పు పాఠము మనకును కావలసియున్నది.

పగడము రాయి అని మనలో అనేకులు తలంతురు. అది ప్రాణి. చిన్న నోరుగల జీవులు వేలకొలది ఒకచోట చేరి సున్నపు గూడు కట్టుకొని బ్రదుకును. వాటి దేహములోనే కంటికి కనబడని నాచు కాపురముండి, వెలుతురువలన ఆహారము సిద్ధపరచి వాటికి పెట్టును. కాబట్టి తొట్టెకు ఎండవంటి దీపము కావలెను. అలలకు బదులుగా నీటిని కదిలించు యంత్రము కావలెను. కిలో నీటికి సుమారు 35 గ్రాముల లవణముండవలెను. వేడిమి 25 లేక 26 డిగ్రీలయొద్ద నిలువవలెను.

రొయ్యల చెరువులు చేయు మన కోస్తా సహోదరులకు తరువాతి సంగతి సులభముగా బోధపడును. చేపల మలినమునుండి అమ్మోనియా పుట్టును. సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగాను, పిమ్మట అంతగా హానిచేయని నైట్రేటుగాను మార్చును. క్రొత్త తొట్టెలో ఆ సూక్ష్మజీవులు కుదురుకొనుటకు సాధారణముగా కొన్ని వారములు పట్టును. అంతవరకు ఓర్చుకొనలేక చేపలను వేసినవాడు వాటిని చంపుకొనును.

మరియొక సంగతి వినుడి. తొట్టెలోని నీరు ప్రతిదినము కొంత ఆవిరియై పోవును గాని ఉప్పు పోదు. సముద్రపు ప్రాణులే గదా అని, తగ్గినంత మేరకు ఉప్పునీరే పోయుచు వచ్చినయెడల, ఉప్పు దినదినము హెచ్చి అవి చచ్చును. పోయవలసినది ఉప్పులేని శుభ్రమైన నీరు. ప్రేమయుండుట మాత్రమే చాలదు. ప్రేమించినదానికి ఏమి కావలెనో తెలిసికొనవలెను.

ఇల్లు మారు దినమున యజమానునికి గొప్ప పరీక్ష వచ్చును. 400 లీటర్ల నీరు 400 కిలోలకు పైగా తూగును. నీళ్లతో తొట్టెను ఎత్తినయెడల అతుకులు విడిపోవును. కాబట్టి ముందుగా నీటిని పీపాలలోనికి తోడుదురు. రాళ్లను ఆ నీటిలోనే మునుగునట్లు ఉంచుదురు, ఏలయనగా ఆరిపోయినచో వాటిని అంటియున్న జీవులు చచ్చి నీటిని చెరచును. పగడములను వేరువేరు సంచులలో పెట్టి, చేపలను గాలిబుడగలు వచ్చు డబ్బాలలో కొనిపోవుదురు. అడుగున ఇసుకలో ఏండ్ల తరబడి అణగియున్న మలినమును కదిపి అట్లే క్రొత్త చోట పోసినయెడల అది నీటిని విషము చేయును. గనుక ఆ ఇసుకను కడుగుదురు, లేదా పారవేయుదురు. కదలని దినములలో కనబడని మురికి, కదలిక వచ్చిన దినమున పైకి తేలును. మన కుటుంబములలోను సంఘములలోను అట్లే జరుగుట మనమెరుగుదుము.

అన్నిటికంటె కష్టమైనది తొట్టెను తీసివేయు దినము. వార్ధక్యము రావచ్చును, ఉద్యోగము పోవచ్చును, కరెంటు ఖర్చు భరింపలేకపోవచ్చును. అప్పుడు కొందరు యంత్రములు ఆపివేసి తలుపు మూసికొందురు. అది క్రూరత్వము. మరికొందరు జాలిపడి ప్రాణులను సమీపమందలి సముద్రములో విడుతురు. ఇది దయవలె కనబడును గాని దయ కాదు. హిందూ, పసిఫిక్ మహాసముద్రములకు చెందిన లయన్ చేప 1985లో అమెరికాలోని ఫ్లోరిడా తీరమున కనబడెను. తొట్టెలనుండి విడువబడినవే దానికి మూలమని శాస్త్రజ్ఞుల అభిప్రాయము. నేడది కరీబియను సముద్రమంతట వ్యాపించి అక్కడి చిన్న చేపలను మ్రింగుచున్నది. అంత దూరము పోనేల? తొట్టెల కొరకు తేబడిన దక్షిణ అమెరికా చేప నేడు మన చెరువులలో చేరి జాలరుల వలలు చింపుచున్నది. దయ్యపు చేపయని దానికి పేరు వచ్చినది. ఒకని చేతులు దులుపుకొనుట అనేకులకు భారమాయెను.

సరియైన మార్గము ఒకటే. తనకంటె ముందే, ఆ ప్రాణులను పోషింపగల మరియొకని వెదకి, వాటి సంగతులన్నియు చెప్పి, వాని చేతికి అప్పగింపవలెను. దీనికి మంచి దృష్టాంతము కలదు. 1828లో స్కాట్లండు దేశములో నార్త్ బెర్విక్ తీరమున సర్ జాన్ డాలియెల్ అను శాస్త్రజ్ఞుడు, పువ్వువలె విప్పారు ఒక చిన్న ప్రాణిని తెచ్చి గాజు పాత్రలో సముద్రపు నీరు పోసి పెంచెను. అది పగడమునకు చుట్టమైన జీవి. 1851లో ఆయన మరణించెను, అది బ్రదికియుండెను. అప్పుడు జాన్ ఫ్లెమింగ్ అను బోధకుడు దానిని చేపట్టెను. ఆయన ప్రకృతి శాస్త్రమునందును ప్రవీణుడు. 1857లో ఆయనయు మరణించెను, అది బ్రదికియుండెను. మరియొకరు చేపట్టిరి. కడకది ఎడిన్‌బరో పట్టణపు రాజోద్యానవనమువారి సంరక్షణకు వచ్చెను. జనులు దానిని “అవ్వ” అని ముద్దుగా పిలిచిరి. 1887లో అది చచ్చెను. దాదాపు 59 సంవత్సరములు, ఒక చేతినుండి మరియొక చేతికి! వారిలో ఒక్కడు అశ్రద్ధ చేసియుండినయెడల ఆ వరుస తెగిపోయెడిది.

“ఆకలిగొన్న మనుష్యులుండగా ఇంత చిన్న ప్రాణికి ఇంత శ్రమయేల?” అని మీరు అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. పొరుగువాని ఆకలి చూడక తొట్టెకు ధనము పోయువాడు దేవునికి ఉత్తరవాదియగును. అంతేగాక, ఫిలిప్పీన్సులో కొందరు జాలరులు సైనైడు విషము చల్లి, మత్తెక్కిన చేపలను పట్టి అమ్మిరి. ఆ విషమువలన పగడములును పాడాయెను. అట్టి సరకు కొనకుండుటయే ధర్మము. మనసు కోరినది ప్రతిదియు తెచ్చుకొనవలెనను నియమము లేదు. అయితే తెచ్చుకొనిన తరువాత, “ఇది చిన్నది” అను మాట మనలను విడిపింపదు. అది మన తలుపు తట్టి రాలేదు, మనమే తెచ్చితిమి.

నోవహును జ్ఞాపకము చేసికొనుడి. అతడు జీవులను ఓడలో చేర్చుకొనుటతో ఊరకుండక వాటికి ఆహారము సమకూర్చెను. నేల ఆరిన దినమున వాటిని తనవని పట్టుకొనక విడిచిపెట్టెను. చేర్చుట, మోయుట, విడుచుట, ఈ మూడును ఒకే నమ్మకత్వము. కాబట్టి మొదటి ప్రశ్నకు నా ఉత్తరమిది: ప్రాణిమీద మనకున్నది సొంత హక్కు కాదు, అప్పగింపు మాత్రమే. తీసికొనునాడే, విడుచునాటి సంగతి ఆలోచింపని చేయి దానిని తీసికొనరాదు.

ప్రియ సహోదరుడా, సహోదరీ, నీ యింట తొట్టె లేదు. కాని నీ పొలము దున్ని ముసలిదైన ఎద్దు కలదు. దానికి మేత దండుగయని తోచుచున్నదా? నీ చేతిలో సంఘపు పద్దు పుస్తకమో, సమాధుల స్థలపు కాగితములో ఉన్నవేమో. రేపు నీవు లేనియెడల అవి ఎవరికి దొరకును? లెక్క తెలిసినవాడు నీవొక్కడవే అయినచో, నీవింకను నమ్మకముగా పని ముగింపలేదు. ఈ రాత్రి దీపము ఆర్పకముందు, నీకు అప్పగింపబడినవాటిని ఒక్కొక్కటిగా తలంచుకొనుము. ప్రతిదాని ప్రక్కను, నీ తరువాత దానిని చేపట్టువాని పేరు వ్రాయగలవా?

మనకు అప్పగించిన ప్రభువు, తిరిగి అప్పగించు నమ్మకమైన చేతులను కూడ మనకు దయచేయును గాక.