దొరికినది ఎవరిది?

చదువవలసిన వాక్యభాగములు: ద్వితీయోపదేశకాండము 22:1-3; మత్తయి 13:44



మా సంఘమునకు చెందిన ఒక యౌవనస్థుడు ఇంగ్లండు దేశములో ఉద్యోగము చేయుచున్నాడు. అతడు క్రిస్మసు సెలవులకు ఇంటికి వచ్చుచు తనతో ఒక లోహశోధక యంత్రమును తెచ్చెను. మెటల్ డిటెక్టర్ అని దానిని పిలుతురు. అక్కడ అనేకులు సెలవు దినములలో పొలముల వెంట ఈ యంత్రముతో తిరుగుట ఒక వినోదముగా పెట్టుకొందురట. మన ఊరిలో అది క్రొత్త గనుక పిల్లలందరు అతని వెంటబడిరి. ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత అతని తల్లి మాయొద్దకు వచ్చి, “అయ్యగారూ, మావాడు ఆ మిషను పట్టుకుని దొడ్డంతా తవ్వుతున్నాడు. ఇది నిధుల పిచ్చి కాదా? మీరైనా ఒక మాట చెప్పండి” అని అడిగెను. ఆమెకు వెంటనే జవాబు చెప్పలేకపోతిమి. ఆ ప్రశ్నను గూర్చియే ఈ నెల మీతో కొంత ఆలోచింప గోరుచున్నాము.

మొదట ఆ యంత్రమేమిటో తెలిసికొందము. పొడవైన కర్రవంటి గొట్టము చివర పళ్లెమంత తీగచుట్ట యుండును. బ్యాటరీనుండి విద్యుత్తు ఆ చుట్టలో పారినప్పుడు దాని చుట్టును అయస్కాంత శక్తి వ్యాపించును. నేలలో ఏదైన లోహమున్నయెడల ఆ శక్తి దానిని తాకి, దానిలోను చిన్న ప్రవాహమును పుట్టించును. ఆ మార్పును యంత్రము కనిపెట్టి చెవిలో ధ్వని చేయును. ఇందులో మంత్రము లేదు, మాయ లేదు. టెలిఫోనును కనిపెట్టిన గ్రాహం బెల్ 1881 లో ఇట్టి సాధనముతోనే అమెరికా అధ్యక్షుడైన గార్‌ఫీల్డు శరీరములో దిగిన తుపాకి గుండును వెదకెను గాని కనుగొనలేకపోయెను. రోగి పండుకొనిన పరుపులోని ఉక్కు తీగలు యంత్రమును తప్పుదారి పట్టించినవని చెప్పుదురు. ఈ సంగతిని జ్ఞాపకముంచుకొనుడి. దీనితో మనకు మరల పనియున్నది. రెండవ ప్రపంచ యుద్ధములో నేలలో పాతిన మందుపాతరలను కనిపెట్టుటకు ఇట్టి యంత్రములే వాడబడి అనేకుల ప్రాణములు కాచినవి. యుద్ధము ముగిసిన తరువాత సైన్యము అమ్మివేసిన యంత్రములు సామాన్యుల చేతికి రాగా, వినోదముగా వెదకుట క్రమక్రమముగా పెరిగెను.

ఆ యౌవనస్థుడు మాకును నేర్పెను. యంత్రము పట్టినవాడు మొదట తన జేబులోని తాళములను, చిల్లరను తీసివేయవలెను. లేనియెడల తన లోహమునే తాను వినుచుండును. చుట్టను నేలకు తగిలీ తగలనట్లు, ఎత్తుపల్లములు లేకుండ, మెల్లగా ఇటునటు త్రిప్పవలెను. తొందరపడి ఊపినవానికి ఏమియు దొరకదు. ఇనుము ఎక్కువగా కలిసిన ఎఱ్ఱనేలలలో యంత్రము ఊరకనే మ్రోగుచుండును గనుక మొదట దానిని ఆ నేలకు సరిపరచవలెను. సీసా మూతయు సిగరెట్టు పెట్టెలోని తళుకు కాగితమును బంగారమువలెనే ధ్వనింపవచ్చును. చిన్న నాణెమైతే జానెడు లోతుకు మించి కనబడుట అరుదు. త్రవ్విన గుంటను పూడ్చి నేలను మునుపటివలె చేయవలెను. పాత నాణెమును రుద్ది మెరుగుపెట్టరాదు, దాని విలువ చెడును. తెలియని గుండో పెంకో కనబడినయెడల ముట్టక పోలీసులకు చెప్పవలెను. అన్నిటికంటె ముందు నేల యజమానుని అనుమతి తీసికొనవలెను. క్రొత్తవాడు తన దొడ్డిలోనే ప్రారంభించుట మేలని అతడు చెప్పెను. మందిరపు ఆవరణములో మేము రెండు గంటలు వెదకితిమి. మేకులు, గుఱ్ఱపు లాడము ఒకటి, సైకిలు గంట మూత దొరికినవి. పిల్లలు నిరాశపడిరి, మేము మాత్రము చాల సంతోషించితిమి.

తరువాత జరిగినది ఇది. మా సంఘములోని విధవరాలైన ఒక అవ్వ వేరుసెనగ చేనిలో కూలికి పోయి చెవికమ్మ పోగొట్టుకొనెను. అది ఆమె పెండ్లినాటిది. యౌవనస్థుడు ఆ రైతునొద్దకు పోయి, “బాబాయ్, మీ చేలో వెదకమంటారా?” అని అడిగి అనుమతి తీసికొనెను. మూడు సాయంత్రములు వెదకెను. మూడవ సాయంత్రము కమ్మ దొరకెను. అవ్వ దానిని కన్నులకు అద్దుకొని ఏడ్చెను. అయితే మేము మీకు చెప్పదలచినది ఆ కమ్మను గూర్చి కాదు. రెండవ సాయంత్రము అదే చేనిలో ఒక వెండి మెట్టె దొరకెను. అవ్వ తనది కాదనెను. రైతును తనది కాదనెను. పిల్లలు, “అన్నా, అది నీకే” అని అరచిరి. దాని వెల ఎంత? సంతలో అమ్మిన పెద్ద ధర రాదు. అయినను అతడు కూలికి వచ్చిన స్త్రీల ఇండ్లకు వరుసగా పోయి అడిగెను.

చివరకు మరియొక వీధిలో, మన సంఘమునకు చెందని ఒక కోడలు లోపలికి పోయి, గుడ్డలో చుట్టి దాచిన రెండవ మెట్టెను తెచ్చి దాని ప్రక్కన పెట్టెను. రెండును ఒక జతయే. ఆమె దానిని పుట్టింటివారికిచ్చి పోయినదని అబద్ధమాడుచున్నదని, నిరుటి కోతలనాటినుండి ఆమె అత్త నిందించుచుండెనట. ఆ సాయంత్రము అత్తయే అరుగుమీద కూర్చుండి, “నా నోటితో ఎన్ని మాటలన్నానో తల్లీ” అని కోడలి చేతులు పట్టుకొనెను.

సహోదరులారా, ఆ మెట్టెను అతడు తన జేబులో వేసికొనియున్న యెడల ఏమి దొంగిలించియుండును? కొంచెము వెండియే గదా అని మనము చెప్పుదుము. కాని ఒక స్త్రీ యొక్క మంచిపేరు ఆ వెండితోకూడ మన్నులో పడియుండెను. అతడు దానిని ఎరుగడు. మనమును ఎరుగము. పోయిన వస్తువుతోకూడ ఏమేమి పోయినదో దొరికించుకొనినవానికి తెలియదు. ద్వితీయోపదేశకాండము 22 వ అధ్యాయము చదువుడి. సహోదరుని ఎద్దు గాని గాడిద గాని వస్త్రము గాని కనబడినప్పుడు చూచియు చూడనట్లు తప్పించుకొనరాదని, యజమానుడు వెదకుచు వచ్చువరకు దానిని భద్రపరచి అతనికి అప్పగింపవలెనని అక్కడ ఆజ్ఞ యున్నది. అక్కడ దొరికించుకొనినవానికి హక్కు చెప్పబడలేదు, పని చెప్పబడినది.

ఇంగ్లండులో 1992 వ సంవత్సరమున హాక్సన్ అను గ్రామములో ఒక రైతు తన సుత్తిని పొలములో పోగొట్టుకొనెను. విశ్రాంతి తీసికొనుచున్న ఒక తోటమాలి ఆయనకు స్నేహితుడు. అతడు తన యంత్రముతో ఆ సుత్తిని వెదకబోయెను. వెదకగా రోమనుల కాలపు వెండి చెంచాలు, బంగారు నగలు, నాణెములు బయటపడినవి. అతడు కొంత త్రవ్వి, విషయము గ్రహించి ఆగిపోయెను. వెంటనే అధికారులకు తెలియజేసెను. పురావస్తు శాస్త్రజ్ఞులు వచ్చి మిగిలినదానిని క్రమముగా త్రవ్విరి. సుమారు 15 వేల నాణెములు దొరకినవి. అతడు చెదరగొట్టలేదు గనుక, ఏ వస్తువు పెట్టెలో ఏ వైపున ఎట్లు సర్దబడెనో కూడ వారు గ్రహింపగలిగిరి. అతనికి 17 లక్షల 50 వేల పౌనులు బహుమానముగా ఇయ్యబడగా దానిని ఆ రైతుతో పంచుకొనెను. ఆ సుత్తియు దొరకెను; అదియు ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియములో ఉన్నది. ఎరవు తెచ్చిన గొడ్డలి యొర్దానులో పడినప్పుడు అయ్యో అని మొఱ్ఱపెట్టిన ప్రవక్తల శిష్యుని కథ (2 రాజులు 6) మనకు తెలియును. పొరుగువాని పనిముట్టును వెదకుట చిన్న పని కాదు.

దీనికి భిన్నమైన సంగతియు అదే దేశములో జరిగెను. 2015 లో ఇద్దరు మనుష్యులు హెరిఫర్డు ప్రాంతపు పొలములో వెయ్యేండ్ల నాటి నగలను, నాణెములను కనుగొని, చట్టప్రకారము తెలుపక రహస్యముగా అమ్మజూచిరి. 2019 లో న్యాయస్థానము వారిని దోషులుగా తీర్చి చెరసాలకు పంపెను. ఆ నాణెములలో ఎక్కువభాగము చెదరిపోయెను. వారు తెలియజేసియుండిన యెడల బహుమానము పొందదగినవారే. వారికి యంత్రము ఒకటే, నేల ఒకటే, అదృష్టమును ఒకటే. మార్గము మాత్రము వేరు.

ఇప్పుడు మా తప్పిదమును ఒప్పుకొనవలసియున్నది. మెట్టె సంగతి ఊరంతట తెలిసిన తరువాత ఒక రాత్రి పొరుగూరివారు ముగ్గురు మాయింటికి వచ్చిరి. ఊరికి తూర్పున ఒక పాటిదిబ్బ యున్నది. అక్కడ పాతకాలపు పెంకులు, పూసలు వానకు పైకి తేలుచుండును. “అయ్యగారూ, ఆ అబ్బాయికి మీ మాట వేదం. ఒక్క రాత్రికి మిషను ఇప్పించండి. మందిరానికి రేకులు మేము వేయిస్తాం” అనిరి. మా మందిరపు కప్పు మూడు వానకాలములనుండి కారుచున్నది. స్త్రీలు కూర్చుండు వైపున చాప పరచుటకు వీలులేదు. మేము అవునని చెప్పలేదు, కాదనియు చెప్పలేదు. “రేపు చెప్పుదుము” అంటిమి. ఆ రాత్రి నిద్రపట్టక అనేక కారణములు వెదకుకొంటిమి. అది ఎవరి భూమియు కాదు గదా, మనకొరకు కాదు గదా, దేవుని యింటికొరకే గదా అని తలంచుకొంటిమి.

తెల్లవారి ఆ యౌవనస్థుని పిలిచి సంగతి చెప్పితిమి. అతడు కొంతసేపు నేల చూచుచు నిలుచుండి, “అయ్యగారూ, ఆ రేకుల కింద కూర్చుని మా అమ్మ పాట పాడగలదాండీ?” అనెను. అంతే. మేము మరేమియు అడుగలేదు.

బెల్ గారి యంత్రము సంగతి అప్పుడు మాకు జ్ఞాపకము వచ్చెను. ఆ యంత్రము చెడినది కాదు. పడకలోని ఉక్కు దానిని తప్పుదారి పట్టించెను. మా మనస్సాక్షికిని అట్లే జరిగెను. మందిరపు రేకులే మా జేబులోని ఇనుము. మంచి పనికొరకు కలిగిన అక్కర, దుర్మార్గపు ఆశకంటె దగ్గరగా మ్రోగును. అది మంచిది గనుక దానిని మనము అనుమానింపము. ఆకాను డేరాలో దాచినది (యెహోషువ 7) తన సుఖము కొరకు. మేము దాదాపు దాచబోయినది దేవుని పేరట. రెంటిలో ఏది ఎక్కువ పాపమో మీరే తీర్పు తీర్చుడి.

చట్టమును గూర్చియు చెప్పవలెను, ఏలయనగా తెలియక తప్పు చేయువారున్నారు. 1878 నాటి నిక్షేప చట్టము ప్రకారము, నేలలో దాచబడి పది రూపాయలకు మించిన వెలగలది దొరకినయెడల, దొరికించుకొనినవాడు అది ఏమిటో, ఎంతయో, ఎక్కడ ఎప్పుడు దొరకెనో కలెక్టరుగారికి వ్రాతమూలముగా తెలుపవలెను. తెలుపనివాడు తన వంతును పోగొట్టుకొనుటయే గాక శిక్షకును పాత్రుడగును. 1958 నాటి చట్టము కాపాడు పురాతన స్థలములలో అనుమతి లేక త్రవ్వరాదు. 1972 నాటి చట్టము ప్రకారము నూరేండ్లు దాటిన నాణెములు, విగ్రహములు పురావస్తువులు. ప్రభుత్వమునకు భయపడి మాత్రమే దీనిని పాటింపవద్దు. పాటిదిబ్బలోని పూస ఏ పొరలో ఏ కుండ ప్రక్కన ఉన్నదో దానినిబట్టి అక్కడ బ్రతికినవారి కథ తెలియును. రాత్రివేళ పెల్లగించినవాడు వస్తువును తీసికొని కథను చంపును. ఆ కథ మన పిల్లలది.

ఇక్కడ కొందరు ఒక ప్రశ్న అడుగుదురు. ప్రభువు చెప్పిన ఉపమానములో ఒకడు పొలములో ధనము కనుగొని మరల దాచి, తనకు కలిగినదంతయు అమ్మి ఆ పొలమును కొనెను గదా, అతడు యజమానునికి ఏల చెప్పలేదు? ఇది న్యాయమైన ప్రశ్నయే. ప్రభువు అక్కడ పరలోక రాజ్యము దొరకినవాని సంతోషమును చూపుచున్నాడు గాని క్రయవిక్రయముల పద్ధతిని నేర్పుటలేదు. అయినను ఒకటి గమనించుడి: ఆ మనుష్యుడు రాత్రివేళ త్రవ్వి ఎత్తుకొనిపోలేదు. వెల చెల్లించెను, తనకున్నదంతయు చెల్లించెను. మాయొద్దకు వచ్చినవారు ఏమియు చెల్లింపక అంతయు పొందగోరిరి. మేమును ఆ రాత్రి అట్లే గోరితిమి.

కాబట్టి ఆ తల్లికి మా జవాబు ఇది. అమ్మా, నీ కుమారుడు చేయునది పాపము కాదు. అతడు మెల్లగా నడచుటయు, వంగి మన్నును చూచుటయు, త్రవ్వినదానిని పూడ్చుటయు నేర్చుకొనుచున్నాడు. ఇవి సేద్యగానికిని కాపరికిని కావలసిన గుణములే. ఆ యంత్రము “ఇక్కడ ఉన్నది” అని మాత్రము చెప్పగలదు. “ఇది ఎవరిది?” అని అడుగుట మనుష్యుని పని. అతడు అడుగుచున్నంతవరకు నీవు భయపడనక్కరలేదు.

అతడు జనవరిలో తిరిగి వెళ్లెను. మందిరపు కప్పు ఇంకను కారుచున్నది. వేరుసెనగ చేని రైతు మొన్న ఆదివారము, తాను ఎన్నడును మన మందిరమునకు రానివాడే, రెండు రేకులు బండిమీద తెచ్చి దింపించి, ఏమియు చెప్పక వెళ్లిపోయెను. మిగిలినవి మనమే కూలినాలి చేసి కొందము. ఆలస్యమైనను, వాన వెలిసిన తరువాత వాటి క్రింద మన తల్లులు నిశ్చింతగా పాడుదురు.